రీడింగు చదివినవాళ్లే చెప్పాలి

ఆ రోజు ఉదయం ఎనిమిదిన్నరకి డ్యామ్ స్టాఫ్ క్వార్టర్స్, సి బ్లాకు, ఏడో నంబరు ఇంట్లో అయిదుగురున్నారు. గేట్ల ఆపరేటరు, ఆయన తల్లి, ఆయన భార్య, టీకి వచ్చిన పట్టుచీర మేడం, తొమ్మిదేళ్ల తర్వాత అక్కని చూడ్డానికి వచ్చిన చెల్లెలు.

ఆపరేటరు కిటికీలో చిన్న అద్దం నిలబెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. తల్లి మంచం మీద కూర్చుని ఫ్యాను కిర్రుమంటోందని నాలుగోసారి చెబుతోంది. భార్య వంటింట్లో చెమట తుడుచుకుంటూ, ఉన్న కప్పుల్లో అంచు విరగనివి ఏరుతోంది. మేడం నల్లకళ్లద్దాలు తలమీదికి తోసుకుని ముందుగదిలో ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో కూర్చుంది. చెల్లెలు గుమ్మానికి ఆనుకుని ఆవలించింది.

ఉద్యోగంలో ఆమె పేరు అదే. ఏజెంట్ ఆవలింత. మొదటి రోజు ట్రైనింగ్ క్లాసులో ఒక్కసారి ఆవలించినందుకు పెట్టిన పేరు ఇరవై రెండేళ్లుగా ఫైళ్లలో నిలిచిపోయింది. అప్పట్లో అది ఎగతాళి. ఇప్పుడు నలభై ఆరేళ్లొచ్చాయి, నడుము నొప్పి వచ్చింది, పేరు అతికినట్టు సరిపోయింది. అక్కకి మాత్రం ఆమె వాటర్ ఫిల్టర్లు అమ్మే కంపెనీలో సేల్స్ మనిషి.

ఆమెని ఇక్కడికి పంపింది పెద్దాయన. మూడు రోజుల క్రితం, జిరాక్సు షాపు మేడ మీదున్న గూఢచారుల డిపార్టుమెంటు ఆఫీసులో, ఆమె సెలవు కాగితం చేతిలో పట్టుకుని నిలబడి ఉండగానే ఆయన ఫైలు తెరిచాడు.

"లాంతరు ముఠా గుర్తుందా?"

"ఉంది సార్."

లాంతరు అంటే పొరుగు దేశంలో కరెంటు అమ్ముకునే పెద్దల కూలిమనుషులు. ఇవతల ఒక డ్యామ్ లేస్తే, ఒక కాలువ పారితే, వాళ్ల కరెంటు కొనేవాళ్లు తగ్గుతారు. అందుకని ఎక్కడ నీళ్లు పారబోతే అక్కడ ఏదో ఒకటి తగలబడేది, కూలేది, మునిగేది.

"బుధవారం మన డ్యామ్ రెండో దశ పనులు మొదలు. రెండో పవర్‌హౌస్, చివరి ఊళ్ల దాకా కాలువ నీళ్లు. డ్యామ్ కింద ఎండిన ఏటి మధ్యలో టెంటు వేస్తున్నారు. అప్పిచ్చే బ్యాంకులవాళ్లు, మంత్రులు, రైతులు, స్టాఫ్ కుటుంబాలు, ఏడెనిమిది వందల మంది. సరిగ్గా పదకొండుకి, వాళ్లంతా అక్కడ ఉండగా, గేట్లు లేస్తాయి."

"ఎలా? కంప్యూటరు పాడుచేసా?"

"కంప్యూటరు ఒక్కటే గేట్లు ఎత్తలేదమ్మా. నీటిమట్టం రెండు దారుల్లో తెలియాలి. ఒకటి కంప్యూటరు. రెండోది మనిషి. మెట్లు దిగి, గోడకి బిగించిన గేజు చూసి, ఆ అంకె కంట్రోల్ రూములో కొట్టాలి. మట్టం రెండువందల పద్నాలుగు మీటర్లు దాటాలి, రెండు అంకెలూ ఒకటి కావాలి. అప్పుడే గేట్లు వాటంతటవే లేస్తాయి. కంప్యూటర్ని ఎవడైనా మోసం చెయ్యగలడు. గోడమీది గేజుని చెయ్యలేడు. అంటే?"

"అంటే మనిషి వాళ్లవాడై ఉండాలి."

"మన నెమలి కూడా అదే కబురు పంపింది. గేట్ల ఆపరేటరు లాంతరు మనిషట."

నెమలి డిపార్టుమెంటు గర్వంగా చెప్పుకునే డబుల్ ఏజెంట్. లాంతరు జీతం తీసుకుంటుంది, మనకి కబుర్లు పంపుతుంది. నీటి లెక్కల కన్సల్టెంటు వేషంలో మూడేళ్లుగా ఆ డ్యామ్ మీదే ఉంది.

ఆవలింత ఫైలు అందుకుని ఆపరేటరు ఫొటో చూసింది. చాలాసేపు చూసింది.

"మీ బావగారే. అందుకే నువ్వు," అన్నాడు పెద్దాయన.

"నిజమైతే?"

"నిజమైతే నువ్వే పట్టివ్వాలి. సభ ఆపితే అప్పిచ్చేవాళ్లు వెనక్కి పోతారు, లాంతరుకి కావాల్సిందీ అదే."

"మా అక్కకి ఏం చెప్పమంటారు?"

"చూడాలనిపించి వచ్చానని చెప్పు. ఆ సెలవు కాగితం అక్కడ పెట్టి వెళ్లు, తర్వాత చూద్దాం."

అమ్మ పోయిననాటికి ఆమెకి ఏడేళ్లు, అక్కకి పదిహేను. అప్పట్నుంచి జడ వేసింది అక్క, బడికి పంపింది అక్క, జ్వరమొస్తే పక్కన కూర్చుంది అక్క. ఆ అక్క మొగుణ్ణి పోలీసు జీపు ఎక్కించడానికి ఆమె రెండు జతల బట్టలు సర్దుకుని బస్సెక్కింది. స్టోర్సువాళ్లు కెమెరా ఉన్న కళ్లజోడు, ట్రాన్స్‌మిటర్ దాచిన తలపిన్ను ఇచ్చారు. కళ్లజోడుకి పవర్ తప్పు పడి తలనొప్పి వచ్చేది. పిన్ను జుట్టులో నిలిచేది కాదు. పిస్తోలు అడిగితే స్టాకు లేదన్నారు.

ఇప్పుడు అక్క టీ తెచ్చి మేడంకి ముందు ఇచ్చింది. మేడం ఒక గుక్క తాగి, చెల్లెలి వైపు చూసి నవ్వింది.

"ఈ ఊరి నీళ్లు తేటగా ఉంటాయా?"

కోడ్. ఆవలింత జవాబు చెప్పింది. "వాన వెలిశాక చెప్తాను."

"మీ కంపెనీ ఫిల్టర్లు మంచివేనా?"

"మూడేళ్లు గ్యారంటీ."

అంతే. నెమలి ఈమే. గడ్డం గీసుకుంటున్న ఆపరేటరు వైపు నెమలి కనుబొమ్మ ఒక్క వెంట్రుకవాసి లేపింది. అదిగో, మీ బావే.

బావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. మనిషి బాగా ఒళ్లు చేశాడు. కుర్చీ పట్టుకుని గాని నిలబడలేకపోతున్నాడు.

"ఏమ్మా మరదలా, మా ఇంట్లో దోమలు బాగా చూసుకున్నాయా?"

"ఒక్కటీ విడిచిపెట్టలేదు బావా."

"మర్యాదస్తులులే. కొత్త చుట్టాలంటే ప్రాణం వాటికి."

అందరూ నవ్వారు. ఆవలింత కూడా నవ్వింది. నవ్వుతూనే ఆయన చేతులు చూసింది, చెప్పులు చూసింది, జేబు బరువు చూసింది. ఇలా చూడటం ఆమెకి ఊపిరి తీసుకోవడంలా అలవాటైపోయింది. అందుకే అలిసిపోయింది కూడా.

"పదండి బాబాయ్ గారూ, నా కారులో దింపేస్తాను. మీరు ఆ కాళ్లతో నడవడం ఎందుకు?" అంది నెమలి. బావ సిగ్గుపడుతూ టిఫిన్ డబ్బా తీసుకుని ఆమె వెనక వెళ్లాడు.

అత్తగారు కారు వెళ్లిన వైపు చూసి, "ఆ పట్టుచీర కట్టుకుని ఈ ఎండలో ఎలా తిరుగుతుందో! మా ఫ్యానుకి లేని చప్పుడు లేదు, ఆవిడకి పట్టని చెమట లేదు," అంది.

పది దాటింది. స్టాఫ్ కుటుంబాలన్నీ పదిన్నరకల్లా టెంటు దగ్గర ఉండాలని మైకులో చెప్పి వెళ్లారు. అక్క చీర మార్చుకుంటూ వంటింట్లోకి కేకేసింది.

"నువ్వూ రావే. మన ఊరి పేరు కూడా చదువుతారట. కాలువ చివరి పన్నెండు ఊళ్లలో మనదీ ఒకటి. నాన్న బతికున్నన్నాళ్లూ ఆ కాలువ గట్టు మీద కూర్చుని రాని నీళ్ల కోసం చూశాడు. పదకొండేళ్లు పొడికాలువే. ఇప్పుడు పంపులకి పగటిపూట కరెంటు కూడా ఇస్తారట."

"వస్తాలే. నువ్వు పద." గిన్నె తోముతూనే ఆమె మామూలుగా అడిగినట్టు అడిగింది. "బావ రాడా?"

"డ్యూటీ కదా. పదకొండు రీడింగు ఉంది."

"పాపం, ఎన్ని మెట్లు దిగాలో."

"నూట పద్దెనిమిది." అక్క గొంతు తగ్గించింది. అత్తగారు బయట వరండాలో ఉంది. "దిగితే కదే. ఇదివరకు ఇద్దరుండేవాళ్లు. కిందవాడు గేజు చదివి ఫోన్లో చెప్పేవాడు, పైన మీ బావ రాసేవాడు. పోస్టులు తగ్గించి ఒక్కణ్ణే ఉంచారు. ఆ మోకాళ్లతో రోజుకి నాలుగుసార్లు దిగి ఎక్కాలంటే ఎవరి వల్లవుతుంది? మెట్లు దిగి మూడేళ్లయింది."

ఆవలింత చేతిలో గిన్నె ఆగింది.

"మరి అంకె ఎక్కడిది?"

"కంప్యూటరులో కనపడుతుందిగా. అది చూసి కొట్టేస్తాడు. ఎవరికీ చెప్పకే, ఉద్యోగం ఊడుతుంది. పాపం ఆ మేడమే చెప్పింది. ఎందుకు బాబాయ్ దిగడం, స్క్రీన్ మీద ఉన్నదే గేజు మీదా ఉంటుంది అని. దేవతలాంటి మనిషి. మొన్న గేట్లెత్తే ముందు మోగే సైరన్ కూడా రిపేరుకని ఆవిడే విప్పించి పంపింది. లేకపోతే ఇవాళ అది కుయ్యోమంటే మంత్రుల చెవులు పగిలేవి."

ఇరవై రెండేళ్లలో ఆమె చాలా రహస్యాలు విన్నది. కొన్ని తుపాకీ పెట్టి, కొన్ని డబ్బు పెట్టి. ఇంత పెద్దది గిన్నెలు తోముతూ వినడం ఇదే మొదటిసారి.

కంప్యూటర్ని సరిచూడటానికి మనిషి ఉన్నాడు. ఆ మనిషి కంప్యూటర్ని చూసి రాస్తున్నాడు. ఇక మోసం చెయ్యాల్సింది ఒక్కదాన్నే. బావ ఎవరికీ అమ్ముడుపోలేదు, ఆయనకి మోకాళ్లు నొప్పి. ఆ సంగతి తెలిసింది, నేర్పింది, మూడేళ్లు పెంచింది నెమలి. గేట్లు లేచి, ఏట్లో జనం కొట్టుకుపోయాక ఎవరి తప్పని అడిగితే, డిపార్టుమెంటు ఫైల్లో బావ ఫొటో సిద్ధంగా ఉంటుంది. ఆ ఫైలు మొదలుపెట్టిందీ నెమలే. దాన్ని మోసుకొచ్చింది మాత్రం తను.

"అక్కా, ఏట్లోకి వెళ్లకు."

"అదేంటే?"

"ఎండ."

"ఎండేమిటి నీ మొహం! మన ఊరి పేరు చదువుతారంటే." అక్క అత్తగారి చెయ్యి పట్టుకుని గేటు దాటింది. "తలుపు దగ్గరగా వేసి రా!"

చెప్పి ఆపే మాట ఆమె దగ్గర లేదు. నిజం చెబితే అక్క ముందు బావ దగ్గరికి, నెమలి ఉన్న చోటికే పరిగెడుతుంది. ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు. వీఐపీలు వచ్చారని చుట్టుపక్కల సెల్ ఫోన్లన్నీ జామ్ చేశారు. తలపిన్ను నొక్కింది. అది గుర్రుమని, రెండు ముక్కలై సింకులో పడింది. టైమ్ పదీ ఇరవై అయిదు.

డ్యామ్ పైకి అడ్డదారి నిట్టనిలువు. ఆమె సగం పరిగెత్తి, సగం నడిచి, చివర్లో రెయిలింగు పట్టుకుని పాకినట్టుగా ఎక్కింది. పైన సెక్యూరిటీ మనిషి ఆపాడు. ఆమె బ్యాగులో మూడు పేర్లతో మూడు ఐడీ కార్డులున్నాయి. ఒక్కటీ తియ్యలేదు.

"ఆపరేటరు మరదల్ని. ఆయన బీపీ మాత్రలు మర్చిపోయాడు."

"అయ్యో, వెళ్లండమ్మా, వెళ్లండి."

కంట్రోల్ రూములో బావ, నెమలి తప్ప ఎవరూ లేరు. మిగతావాళ్లంతా టెంటు దగ్గరున్నారు. గదికి జలాశయం వైపు కిటికీ లేదు. గోడమీద పెద్ద స్క్రీన్. దానిమీద అంకె: 213.92. చూస్తుండగానే 213.93 అయింది. బావ చొక్కా తడిసిపోయింది.

"ఎగువన ఎక్కడో వాన దంచినట్టుంది మరదలా. పొద్దున్నించీ పెరుగుతూనే ఉంది."

"బావా, మీరు కిందికి దిగి చూశారా?"

ఆయన తల వంచుకున్నాడు. నెమలి ముందుకొచ్చింది.

"ఇప్పుడు అంత టైమ్ లేదండీ. పదకొండుకి రీడింగు పడకపోతే, నీళ్లు పైకొచ్చేస్తే, డ్యామ్‌కే ప్రమాదం. అప్పుడు జైలుకి వెళ్లేది బాబాయ్ గారే." గొంతులో తేనె. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగు జిప్పు మీద ఉంది.

అంకె కొట్టడానికి బావ బొటనవేలు ముద్ర పడాలి. ఇంకెవరి వేలూ పనికిరాదు. కాబట్టి పదకొండు దాకా నెమలి బావని ఏమీ చెయ్యదు. ఆవలింత ఇక్కడే ఉండి కాపలా కాస్తే గేజు చూసేవాళ్లుండరు. గేజు చూడ్డానికి వెళితే ఇక్కడ కాపలా ఉండదు. స్క్రీన్ అబద్ధమని నోటితో చెబితే, మూడేళ్లుగా దాన్నే నమ్మిన మనిషి నమ్మడు.

"నేను దిగి చూసొస్తాను. కింద ఫోనుందిగా?"

"ఉంది. గోడ ఫోను. కానీ నువ్వెందుకమ్మా..."

"నేను ఫోన్ చేసేదాకా అంకె కొట్టకండి బావా. అక్క మీద ఒట్టు."

నెమలి పక్కకి జరిగి దారిచ్చింది. నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆవలింతకి ఇంకేం అనుమానం మిగల్లేదు.

మెట్లు గోడలోపలినుంచి జలాశయం వైపుకి దిగుతాయి. ఇరుకు, తడి, పాచి. చెప్పులు విప్పేసింది. యాభై దాకా లెక్కపెట్టింది. ఆ తర్వాత మోకాళ్లు లెక్కపెట్టాయి. బావ మీదున్న కోపంలో సగం ఎనభయ్యో మెట్టు దగ్గరే పోయింది. రోజుకి నాలుగుసార్లు ఇది దిగమన్నవాళ్లు ఒక్కసారైనా దిగారా?

చివర ఇనుప గడప. దాని అవతల వెలుతురు, నీళ్లు. నీళ్లు ప్రశాంతంగా, బద్ధకంగా, ఎవరిమీదా ఏ కక్షా లేనట్టు గోడని తాకుతున్నాయి. గోడకి వరుసగా బిగించిన తెల్ల ఎనామిల్ రేకులు, వాటిమీద నల్ల అంకెలు. ఆమె తలనొప్పి కళ్లజోడు తీసి, మామూలు కళ్లతో చదివింది. 212.35.

ఫోన్ పిడి తిప్పింది. మూడుసార్లు మోగాక ఎత్తారు.

"చెప్పండి." నెమలి గొంతు.

"మా బావకివ్వు."

"నాకు చెప్పండి, నేను చెప్తాను." వెంటనే ఆ గొంతు ఫోనుకి దూరం జరిగి, గట్టిగా, తీయగా అంది. "రెండువందల పద్నాలుగు పాయింటు ఒకటి అట, బాబాయ్ గారూ! స్క్రీన్ మీదున్నదే."

"బావా! అబద్ధం!" ఆవలింత అరిచింది. అరుపు తడిగోడలకి తగిలి తన దగ్గరికే వచ్చింది. వాచీలో పదీ యాభై ఎనిమిది. నూట పద్దెనిమిది మెట్లు ఎక్కే టైమ్ లేదు. ఆమె చేతిలో ఉన్నది ఒక ఫోన్ రిసీవరు. అవతల అక్క మొగుడు. ఇంకేమీ లేవు.

రిసీవరులో కుర్చీ కిర్రుమంది.

"ఫోన్ ఇటివ్వండి మేడం."

"చెప్పాను కదా బాబాయ్. టైమవుతోంది."

"అలా కుదరదమ్మా. రీడింగు చదివినవాళ్లే చెప్పాలి. రాసేవాడు దాన్ని తిరిగి చెప్పాలి. మధ్యవాళ్ల నోట రాయకూడదు." బావ గొంతులో మొహమాటం ఉంది, కానీ పట్టు కూడా ఉంది. మూడేళ్లుగా ఆ మనిషి ఎవరి నోటా వినకుండా స్క్రీన్ చూసి రాశాడు. అప్పుడు తప్పు కనిపించలేదు, ఎందుకంటే కింద చదివేవాడే లేడు. ఇప్పుడు నిజంగా ఒక మనిషి దిగి, గేజు ముందు నిలబడి ఉంటే, పాత అలవాటు ఆయన్ని వదల్లేదు. "ఇటివ్వండి. ఆఁ, మరదలా. అంకె."

"రెండువందల పన్నెండు, ముప్ఫై అయిదు."

"రెండువందల పన్నెండు... ముప్ఫై అయిదు." బడిపిల్లాడిలా తిరిగి చెప్పాడు. చెప్పి ఆగిపోయాడు. స్క్రీన్ చూస్తున్నాడని ఆమెకి తెలిసింది. "మళ్లీ చెప్పు తల్లీ."

"రెండువందల పన్నెండు, ముప్ఫై అయిదు. రెండువందల పద్నాలుగు అని రాసిన రేకు పొడిగా ఉంది బావా. దానిమీద సాలెపురుగు గూడు కట్టింది."

అవతల జిప్పు లాగిన చప్పుడు. నెమలి గొంతులో తేనె లేదు. "బాబాయ్, ఫోన్ పెట్టెయ్. పద్నాలుగు పాయింటు ఒకటి కొట్టు. లేదా ఈ బల్లమీదే పోతావ్."

ఆవలింత రిసీవరుని రెండు చేతులా పట్టుకుంది. ఏమీ ఆలోచించకుండా, ఏ ట్రైనింగులోనూ నేర్పని మాట అంది.

"బావా, అక్క కింద ఏట్లో కూర్చుని ఉంది."

రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడు. తర్వాత మీటలు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఏ అంకెలో ఆమెకి తెలియదు. చివర ఒక పెద్ద మీట, దాని వెనక పొడవుగా బజర్ మోత. వాచీలో పదకొండుకి ఇంకా నాలుగు సెకన్లు.

ఆమె గేట్ల వైపు తల తిప్పి చెవి పెట్టింది. మోటార్లు తిరిగిన చప్పుడు లేదు. నీళ్లు గోడని తాకుతూనే ఉన్నాయి. గోడ అవతల, ఎక్కడో కింద, మైకులో ఎవరో ఊళ్ల పేర్లు చదువుతున్నారు. తొమ్మిదో పేరు, పదో పేరు, పదకొండో పేరు. తమ ఊరి పేరు వినపడగానే ఆమె రిసీవరు తగిలించి మెట్టు మీద కూర్చుంది.

పైకి ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మూడుచోట్ల కూర్చుంది. లోకాన్ని కాపాడినవాళ్లు ఎలా నడుస్తారో గాని, ఆమె ఒక్కో మెట్టూ చేత్తో మోకాలు నొక్కుకుంటూ నడిచింది.

కంట్రోల్ రూములో బావ ఒక్కడే ఉన్నాడు. స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలు: తేడా ఉంది, గేట్లు లాక్ అయ్యాయి, ఇంజనీరు వచ్చి చూడాలి.

"తుపాకీ చూపించింది మరదలా," అన్నాడు. "నేను నువ్వు చెప్పిన అంకే కొట్టేశాను. ఆవిడ స్క్రీన్ చూసి, తుపాకీ లోపల పెట్టుకుని, వెళ్లిపోయింది. పేలిస్తే సెక్యూరిటీ వస్తుందనుకుందో ఏమో."

"ఎటు వెళ్లింది?"

జవాబు తలుపు దగ్గర నుంచే వచ్చింది. బీపీ మాత్రల సెక్యూరిటీ మనిషి నెమలిని ఎంతో మర్యాదగా లోపలికి తీసుకొచ్చాడు. "ఏమనుకోకండి మేడం. వీఐపీలు కదిలేదాకా చీమని కూడా బయటికి వదలొద్దని ఆర్డరు. ఇక్కడ ఫ్యాను కింద కూర్చోండి." కూర్చోబెట్టి వెళ్లాడు.

నెమలి కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు తనే తీసి బల్లమీద పెట్టింది. ఆవలింత దాన్ని ఇవతలికి లాక్కుని, ఎదురు కుర్చీలో కూలబడింది. ఇద్దరికీ దాదాపు ఒకే వయసు.

"ఎవరు చెప్పారు నీకు?" అంది నెమలి.

"మా అక్క."

"మూడేళ్లు పనిచేశాను దీనిమీద. మూడేళ్లు రోజూ ఈ పట్టుచీరలు. ఎంత ఉక్కపోతో తెలుసా?" కళ్లద్దాలు తీసి కళ్లు రుద్దుకుంది. "వంటింట్లో అక్కచెల్లెళ్లు ఏం మాట్లాడుకుంటారో నా లెక్కలోకి రాలేదు. నాకెవరూ లేరులే."

"నాకు మాత్రం ఎంతమంది మిగులుతారో సాయంత్రానికి తెలుస్తుంది," అంది ఆవలింత.

జామర్లు ఒంటిగంటకి తీశారు. పెద్దాయన ఫోన్ చేశాడు.

"భేష్. నెమలి సంగతి మేం చూసుకుంటాం. మీ బావ సంగతేంటి? ఆయన లాంతరు మనిషని ఫైల్లో ఉంది."

"అది నెమలి పెట్టించిన మాట సార్. ఆయన అమాయకుడు."

"అమాయకుడైతే మూడేళ్లు ఆయన రీడింగులు కంప్యూటరుతో అంత అచ్చంగా ఎలా కలిశాయి? రాసివ్వు. కారణం రాస్తే దేశద్రోహం కేసు కొట్టేస్తాను. రాయకపోతే నా చేతిలో లేదు."

కారణం ఒక్కటే. మూడేళ్లుగా గేజు చూడకుండా రాశాడు. అది రాయకపోతే బావకి జైలు. రాస్తే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది. ఆమె సి బ్లాకు బయట సిమెంటు బెంచీ మీద కూర్చుని రాసింది. నాలుగు లైన్ల రిపోర్టు రాయడానికి గంట పట్టింది. 'ఎలా తెలిసింది' అన్న గడిలో, ఏం రాయాలో తోచక, 'కుటుంబ సభ్యుల ద్వారా' అని రాసింది.

నాలుగున్నరకి డిప్యూటీ ఇంజనీరు స్వయంగా ఏడో నంబరు ఇంటికి వచ్చాడు. సస్పెన్షన్ ఆర్డరు, దానికి జతగా రిపోర్టు కాపీ. నెల రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బావ ఎక్కడ సంతకం పెట్టాలో అడిగి పెట్టాడు. "వందలమంది ప్రాణాలు కాపాడారండీ మీరు. నాకు చాలా బాధగా ఉంది," అన్నాడు ఇంజనీరు. "ఫర్లేదు సార్. మోకాళ్లకి విశ్రాంతి," అన్నాడు బావ. అత్తగారు మొదటిసారి ఫ్యాను గురించి ఏమీ అనలేదు.

ఆవలింత గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అక్క తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. పొద్దున కట్టుకున్న చీరే. ఒక చేతిలో ఆ కాగితం, రెండో చేతిలో ఆమె బ్యాగు.

"వాటర్ ఫిల్టర్లు," అంది అక్క.

"అక్కా..."

"తొమ్మిదేళ్లకి గుర్తొచ్చాననుకున్నాను. నా పక్క దులిపి నీకిచ్చాను. 'కుటుంబ సభ్యుల ద్వారా' అట. ఆ సభ్యురాలు నేనే కదా? ఎవరికీ చెప్పకే అన్నానా లేదా?"

"నువ్వు నాకు చెప్పకపోతే ఇవాళ ఏట్లో పోయేదానివి. నేను రాయకపోతే బావ జైల్లో ఉండేవాడు."

"తెలుసు. ఆయన చెప్పాడు. నువ్వు చేసింది తప్పని నేను అనట్లేదు." అక్క గొంతు ఎక్కడా పెరగలేదు. చిన్నప్పుడు జ్వరం చూసిన గొంతే. "ఒక్కటి చెప్పు. వాళ్లు పంపకపోతే వచ్చేదానివా?"

ఆమెకి అబద్ధాలు పది భాషల్లో వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు.

"సెలవు పెట్టాను," అంది చివరికి. "వాళ్లివ్వలేదు."

"ఇక్కడికి రావడానికేనా ఆ సెలవు?"

నిద్రపోవడానికి పెట్టిన సెలవు అది. అక్క ఆమె మొహం చూసింది. బ్యాగు బయట అరుగు మీద, కింద పడకుండా, జాగ్రత్తగా పెట్టింది.

"చివరి బస్సు ఆరింటికి. ఏదైనా తిని ఎక్కు."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏజెంట్ ఆవలింత పట్టుబడింది ఒక్క వేషంలోనే. చెల్లెలి వేషంలో.